షటర్ దించిన శనివారం

2011. శనివారం. బంద్. సాయంత్రం 5.40 నుంచి 7.35 వరకు.
హాజరు: డేవిడ్ (బ్యాంజో), యాదగిరి (మాండొలిన్), నర్సింహ గౌడ్ (బార్ యజమాని), నేను. బస్సులు లేక వయొలిన్ ఆయన రాలేదు.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. నెల, తేదీ ఇక్కడ కావాలనే వదిలేశాను. పేర్లు మార్చాను. తక్కినదేదీ మార్చలేదు.

ఈ ఒక్క పేజీని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. మాటవరసకి అనడం లేదు. మెట్లెక్కుతూ మధ్యలో ఆగిపోతుంటాను. గుండె బాగానే ఉందని డాక్టరు చెప్పాడు. ఎందుకు ఆగుతున్నానో ఆయనకి తెలియదు, నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలనేమోనని కూర్చున్నాను. ఇది నాలుగోసారి కూర్చోవడం. మూడుసార్లు లేచి వెళ్ళిపోయాను.

మాది కృష్ణా జిల్లా. ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి, ఒక ప్రభుత్వ కార్యాలయంలో రికార్డుల విభాగంలో పనిచేసి, గెజిటెడ్ అధికారిగా రిటైరయ్యాను. మన్సూరాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాను. డైరీ రాయడం పందొమ్మిదో ఏట మొదలుపెట్టాను. ఎవరు వచ్చారు, ఎన్ని గంటలకి వచ్చారు, ఏమన్నారు, అంతే. అభిప్రాయాలు రాయను. జరిగింది మాత్రమే రాస్తాను. దాన్నే నిజాయితీ అనుకున్నాను. జరిగింది రాసుకోవడం వేరు, జరిగిందని నలుగురిలో చెప్పడం వేరు అని అరవై దాటేదాకా నాకు తెలియలేదు.

రిటైరైన రెండో ఏడు దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్త డైరీ కొనుక్కుని దుకాణంలోంచి బయటికి వస్తుంటే, పక్కనే చెప్పుల షాపు పైఅంతస్తు నుంచి ఒక వాయిద్యం వినిపించింది. వీణ కాదు, సితార కాదు. రేకుల కప్పు మీద వడగళ్ళు తాళం తప్పకుండా పడుతున్నట్టుంది. పైన ఉన్నది బార్. అంతవరకు నేను ఏ బార్ మెట్లూ ఎక్కి ఎరగను. ఆ రోజు ఎక్కాను.

వాయిస్తున్నది డేవిడ్ గారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. సికింద్రాబాద్‌లో తనకి తెలిసిన ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఒకటి ఊరు వదిలి వెళ్తూ డప్పుకి తీగలు బిగించినట్టుండే ఆ బ్యాంజోనీ, ఒక సంచీడు కేసెట్లనీ ఆయనకి ఇచ్చి వెళ్ళిందట. ఈ పాటల్ని బ్లూగ్రాస్ అంటారని ఆయనే చెప్పారు. అమెరికాలో కొండల మీద, బొగ్గు గనుల చుట్టూ బతికిన పేదవాళ్ళ పాటలట. వాయింపు పరుగులు పెడుతుంటుంది, మాటలు మాత్రం ఏడుస్తుంటాయి. దూరమైన ఇల్లు, పోయిన తల్లి, వెళ్ళిపోయిన రైలు. ఆ ఇంగ్లీషు నాకు సగమే తెలిసేది. అయినా పాట అయ్యేదాకా లేచేవాణ్ణి కాదు.

డేవిడ్ గారికీ, మాండొలిన్, వయొలిన్ వాయించే మిగతా ఇద్దరికీ కలిపి ఒకటే మైకు. దాని చుట్టూ నిలబడి వాయిస్తారు. వంతు వచ్చినవాడు ఒక అడుగు ముందుకు వేస్తాడు, మిగతావాళ్ళు ఒక అడుగు వెనక్కి తగ్గి అతనికి ఊతంగా వాయిస్తారు. అతనిది కాగానే ఇంకొకరు. ఎవరూ ఎవరినీ పిలవరు, సైగ చేయరు. ముప్పయ్యేళ్ళు ఆఫీసులో పనిచేసిన నాకు అది వింతగా ఉండేది.

మాండొలిన్ యాదగిరిది. నల్గొండ జిల్లా నుంచి వచ్చిన మనిషి, హయత్‌నగర్ అవతల ఒక ప్రభుత్వ పాఠశాలలో డ్రాయింగ్ మాస్టారు. నలభై దాటి ఉంటాయి. వాళ్ళమ్మ నాట్లేస్తూ పాడే ఒక వరుసని అతను మాండొలిన్ మీద ఎత్తుకునేవాడు. బ్యాంజో దాని వెంట పడేది. రెండు మూడు చుట్లు తిరిగేసరికి అది ఎవరి పాటో చెప్పడం కష్టమయ్యేది. నేను నిమ్మకాయ సోడా ముందు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. నా కాళ్ళు వాటంతటవే ఆడేవి. ఎవరైనా చూస్తారేమోనని బల్ల కిందికి లాక్కునేవాణ్ణి. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న సాయంత్రాలు చాలా తక్కువ. ఇది కూడా ఒప్పుకోవలసిన విషయమే.

మూడో వారానికి నాకక్కడ ఒక పని దొరికింది. ఎవరు ఏ పాటకి ఎన్ని గంటలకి ముందుకు వచ్చారో డైరీలో రాసేవాణ్ణి. ఎవరూ అడగలేదు, అలవాటు కొద్దీ రాశాను. పోయినసారి దేంతో మొదలుపెట్టామో గుర్తులేక వాళ్ళు తగువు పడుతుంటే పేజీ తిప్పి చదివాను. ఆ రోజు నుంచి యాదగిరి నన్ను రిజిస్టర్ సార్ అనేవాడు.

"నేను తప్పు వాయించింది గూడ రాసినవా సార్?" అని అడిగాడొకసారి.

రాశానన్నాను. ఏడూ అయిదుకి, రెండుసార్లు అన్నాను. అందరూ నవ్వారు. యాదగిరి అందరికంటే ఎక్కువ నవ్వాడు.

ఇంట్లో మాత్రం శనివారం సాయంత్రాలు గుళ్ళో ప్రవచనానికి వెళ్తున్నానని చెప్పాను. తాగేవాణ్ణి కాదు కదా, నిజం చెప్తే ఏమయ్యేది? అప్పుడూ అనుకున్నాను, చెప్పలేదు. మా కాలనీలో నేనంటే ఒక మర్యాద ఉండేది. పిల్లల చదువులకీ, పెళ్ళి సంబంధాలకీ నన్ను అడిగేవాళ్ళు. ఆ మనిషి బార్ మెట్లు ఎక్కుతాడని తెలిస్తే? నాకు సంగీతం ఇష్టమని ఎవరికి నచ్చచెప్పాలి? గుడి అంటే ఎవరూ మరో ప్రశ్న అడగరు.

అప్పటికి తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోజూ ఏదో ఒక ఊరేగింపు. మా కాలనీలో ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువ. ఇల్లు అమ్ముదామా, ఉంచుదామా అన్నదే పొద్దున నడకలో మాట. బార్‌లో మాత్రం ఎవరూ ఆ సంగతి ఎత్తేవాళ్ళు కాదు. ఒక్కసారి ఎత్తింది యాదగిరి, అదీ నవ్వులాటకే.

"ఏం సార్, రాష్ట్రమొస్తే మీరు పోయేటప్పుడు గీ డైరీలన్ని లారీల ఏస్కపోతరా? ఒకటిరెండు మాకిడ్వుండ్రి. ఎట్ల వాయించినమో సూస్కుంటం."

గౌడ్ నవ్వాడు. డేవిడ్ గారు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఆ మాటని ఉన్నదున్నట్టు రాశాను. అభిప్రాయం రాయలేదు. కింద గీత గీశాను. అన్ని డైరీల్లో నేను గీత గీసిన వాక్యం అదొక్కటే. మీరు పోయేటప్పుడు. ముప్పయ్యేళ్ళకి పైగా ఈ నీళ్ళే తాగాను, ఇక్కడే ఇల్లు కట్టాను, నేనెక్కడికి పోవాలి? అతను వెటకారంగా అనలేదని అప్పుడే తెలుసు. తెలిసి కూడా గీశాను.

ఆ తర్వాత మూడో శనివారమే ఈ బంద్.

గౌడ్ షటర్ మూడొంతులు దించాడు. మందు చుక్క కూడా పోయనని ముందే చెప్పాడు. "ఇయ్యాల పాటనే పోస్త, ఎంత తాగుతరో తాగుండ్రి" అన్నాడు. జనం లేని ఆ గదిలో డేవిడ్ గారు, యాదగిరి ఇద్దరే వాయించారు. యాదగిరి ఆరూ ఇరవై అయిదుకి ముందుకు వచ్చాడు. వాళ్ళమ్మ వరుస ఎత్తుకుని ఆరూ నలభై దాకా వెనక్కి జరగలేదు. డేవిడ్ గారు కూడా అతన్ని ఆపలేదు. అంత బాగా వాయించడం నేనెప్పుడూ వినలేదు. డైరీలో మాత్రం టైమే రాశాను.

సరిగ్గా ఆ టైముకే, అక్కడికి అర కిలోమీటరు దూరంలో, ఆంధ్రా ఆయన నడిపే ఒక కోచింగ్ సెంటర్ మీద రాళ్ళు పడ్డాయి. లోపలున్న గుమాస్తా తల పగిలింది. ఈ సంగతి మాకు మర్నాడు తెలిసింది. ఆదివారం పొద్దున పోలీసులు పన్నెండు మందిని పట్టుకెళ్ళారు. అందులో యాదగిరి ఒకడు. ఉపాధ్యాయుల దీక్షా శిబిరంలో అతను మాండొలిన్ వాయించిన ఫోటో ఒకటి వాళ్ళ దగ్గర ఉందట.

ఆదివారం సాయంత్రం అయిదింటికి మా గేటు ముందు ఆటో ఆగింది. దిగినామె యాదగిరి భార్య, అనసూయ. అంతకు ముందు నేనామెని చూడలేదు. మా ఆవిడ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. నేనే గేటు దగ్గరికి వెళ్ళాను. గేటు తీయలేదు.

ఆమె గబగబా చెప్పింది. బంద్ రోజు బార్ తెరిచానని ఒప్పుకుంటే లైసెన్సు పోతుందని గౌడ్ నోరు విప్పడం లేదు. డేవిడ్ గారు స్టేషన్‌కి వెళ్ళి చెప్పారు గానీ, నువ్వు వాడి జట్టువాడివే కదా అని పంపేశారు. ఎవరైనా పెద్దమనిషి, అందులోనూ ఆంధ్రా ఆయన, ఆ టైముకి ఇతను ఫలానా చోట ఉన్నాడని రాసిస్తే పేరు కొట్టేస్తానన్నాడట ఎస్సై.

"రేపు పొద్దుగాల కోర్టుకు తీస్కపోతరంట సార్. జైలుకు పోతే నౌకరికి ఎసరొస్తది. మీరు డైరీల టైమ్‌తోని రాస్తరంట గద. ఒక్క కాయితం రాసియ్యుండ్రి."

ఆమె చెప్పకపోయినా నాకు తెలుసు. ప్రభుత్వోద్యోగి నలభై ఎనిమిది గంటలు దాటి నిర్బంధంలో ఉంటే సస్పెండైనట్టే. అలాంటి ఉత్తర్వులు నా చేతుల మీదుగా ఎన్ని ఫైళ్ళలోకి వెళ్ళాయో. నా వెనక వరండాలో కాయలు తుంచుతున్న చప్పుడు ఆగింది.

"మీరెవరినో అనుకుని వచ్చినట్టున్నారమ్మా. నిన్న సాయంత్రం నేను గుళ్ళో ఉన్నాను" అన్నాను.

ఆమె గోడ మీది నా పేరు చదివింది. మళ్ళీ నా ముఖంలోకి చూసింది.

"రిజిస్టర్ సార్ మీరే గద?"

"కాదమ్మా."

కోప్పడలేదు. ఏడవలేదు. "మా ఆయన చెప్పిండు సార్. గా సార్ లేంది రాయడు, ఉన్నది దాయడు, నువ్వు పోయి అడుగు సాలు అన్నడు" అంది. తర్వాత వెళ్ళి ఆటో ఎక్కింది.

ఎవరండీ అని మా ఆవిడ అడిగింది. అడ్రసు తప్పి వచ్చారన్నాను.

ఎందుకు చేశాను? భయం, అని ఎన్నో ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. వెనక భార్య వింటోంది, బార్ సంగతి బయటపడుతుంది, కాలనీలో తల ఎత్తుకోలేను, పైగా ఆ రోజుల్లో ఒక ఆంధ్రావాడు ఉద్యమంవాడి తరఫున సంతకం పెడితే మా వాళ్ళే నన్ను వెలేస్తారు. ఇవన్నీ నిజాలే. ఒక మనిషిని భయపెట్టడానికి చాలినన్ని నిజాలు. పిరికివాణ్ణి అనుకుంటే కొంత తేలికగా కూడా ఉండేది. పిరికితనాన్ని ఎవరైనా క్షమిస్తారు.

ఆ ఆసరా కూడా మా ఆవిడ తీసేసింది. నాలుగు నెలల తర్వాత బట్టలు మడతపెడుతూ, "ఈ మధ్య మీ గుళ్ళో సిగరెట్లు మానేశారా? చొక్కాలు వాసన రావడం లేదు" అంది. అని లోపలికి వెళ్ళిపోయింది. ఆమెకి మొదటినుంచీ తెలుసు. ఆ రోజు గేటు దగ్గర నేను ఎవరి నుంచి దాచానో ఆ మనిషికే తెలుసు. అనసూయ ఎవరో కూడా పోల్చుకుందా? అడగలేదు. ఆమె చెప్పలేదు. మూడేళ్ళ కిందట ఆమె పోయింది. ఇక ఆ ప్రశ్న నా దగ్గరే ఉండిపోతుంది.

అయితే మిగిలిందేమిటి? గీత గీసిన ఆ వాక్యం. అనసూయ మాట్లాడుతున్నంతసేపూ నా బుర్రలో లారీ ఒకటి ఆగి ఉంది. పొమ్మన్నావుగా, ఇప్పుడు నా డైరీయే కావలసి వచ్చిందా? ఈ మాట నేను పైకి అనలేదు. లోపల అన్నాను. అంటున్నప్పుడు, దేవుడా, కొంచెం సుఖంగా ఉంది. కాదమ్మా అన్న ఆ ఒక్క మాటలో నాకు కొంచెం సుఖం దొరికింది. ఇదే నేను ఎవరికీ చెప్పలేకపోయింది. పిరికితనం కాదు, ఇది. ఒక నవ్వులాట మాటకి బదులుగా ఒక మనిషి ఉద్యోగాన్ని తీసుకున్నాను.

ఆ తర్వాతి సంగతులు నాకు డేవిడ్ గారి ద్వారా తెలిశాయి. యాదగిరిని రిమాండ్‌కి పంపారు. సస్పెండ్ చేశారు. రాష్ట్రం వచ్చాక కేసు ఎత్తేశారు, ఉద్యోగం తిరిగి ఇచ్చారు. ఆ మధ్య ఏళ్ళు ఎవరూ తిరిగి ఇవ్వలేదు. దుకాణాలకి బోర్డులు రాశాడట. మాండొలిన్ మళ్ళీ ముట్టుకోలేదట. శనివారాలు ఆగిపోయాయి. బార్ ఉన్నచోట ఇప్పుడు మొబైల్ ఫోన్లు అమ్ముతున్నారు. డేవిడ్ గారు పోయేముందు ఆసుపత్రిలో నాతో ఇంకో మాట చెప్పారు. ఆ సార్‌ని పోలీసులు బెదిరించి ఉంటారు, లేకపోతే రాసిచ్చేవాడే అని యాదగిరి అందరితో అనేవాడట. నన్ను ఎవరూ బెదిరించలేదు. ఆ సంగతి డేవిడ్ గారితో అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. మంచం పక్కన కూర్చుని బత్తాయి ఒలిచాను.

వెళ్ళి అతని కాళ్ళ మీద పడవచ్చు కదా అంటారు మీరు. పడవచ్చు. అతనేమంటాడో నాకు తెలుసు. పోనీ సార్ అంటాడు. ఆ మాట కోసం వెళ్ళడం ఇంకో రకం తీసుకోవడం కాదూ? లేక ఇదీ ఒక సాకేనా? నాకు తేలడం లేదు. అసలు అక్కడిదాకా రాకముందు, ఇప్పటికీ చెప్పకుండా దాటేస్తున్నది ఇంకొకటి ఉంది. అనసూయ వచ్చి వెళ్ళిన మర్నాటి పొద్దున.

సోమవారం. నాలుగింటికే లేచాను. స్నానం చేశాను. తెల్ల కాగితం మీద యాదగిరి ఆరింటి నుంచి ఏడున్నర దాకా ఎక్కడ ఉన్నాడో నా దస్తూరీలో రాసి, కింద పేరు, హోదా, చిరునామా, సంతకం పెట్టాను. రికార్డు రాసే మనిషిని కదా, తప్పు లేకుండా రాశాను. గుడికని మా ఆవిడతో చెప్పి ఎనిమిదింటికి స్టేషన్ ఎదురుగా బస్టాప్ దగ్గర నిలబడ్డాను. రోడ్డు దాటితే చాలు. గంటన్నర నిలబడ్డాను. రెండుసార్లు డివైడర్ దాకా వెళ్ళి వచ్చాను. ఒకసారి మా కాలనీ ఆయన స్కూటర్ ఆపి ఎక్కమన్నాడు, బస్సు కోసం చూస్తున్నానన్నాను.

తొమ్మిదిన్నరకి వాళ్ళని వ్యాన్ ఎక్కించడానికి బయటికి తెచ్చారు. యాదగిరి ఆఖరివాడు. చొక్కా నలిగి ఉంది, కాళ్ళకి చెప్పులు లేవు. వ్యాన్ మెట్టు మీద కాలు పెట్టి అటూ ఇటూ చూశాడు. నన్ను చూశాడు. అతని ముఖం ఎలా విప్పారిందో నేను రాయలేను. పక్కనున్న కానిస్టేబుల్ భుజం తట్టి, రోడ్డు ఇవతలికి వినబడేంత గట్టిగా, "అగో, మా సార్ ఒచ్చిండు. జర ఆగుండ్రి" అన్నాడు. కానిస్టేబుల్ నిజంగానే ఆగాడు. ఇద్దరూ నావైపు చూస్తున్నారు. కాగితం నా జేబులో ఉంది.

అప్పుడే బస్సు వచ్చింది. ఎక్కడికి వెళ్ళేదో చూడలేదు. ఎక్కాను. వాళ్ళవైపు కిటికీ ఖాళీగా ఉంటే, ఈవలి వైపు కూర్చున్నాను.

ఆ రోజు డైరీలో 'గుడి, తిరిగి రాక 11.20' అని ఉంది. అది అబద్ధం. నేను స్టేషన్ ఎదురుగా ఉన్నాను. అతను నన్ను పిలిచాడు. నేను విన్నాను. విని, బస్సు ఎక్కాను.